నెపం డ్రైవర్ మీద

కొత్త ల్యాప్‌టాప్‌లో నాకు అలవాటైన ఉబుంటు 22.04 అనే లైనక్స్ సిస్టమ్ వేసుకుని, మొదటిసారి డెస్క్‌టాప్ తెరుచుకున్నాక పైన కుడి మూలకు చూస్తే వైఫై గుర్తు కనిపించలేదు. గుర్తు ఉండి కనెక్ట్ కాకపోవడం వేరు, అసలు గుర్తే లేకపోవడం వేరు. ఈ రెండింటి మధ్య ఎంత తేడా ఉందో ఆ సాయంత్రం నాకు తట్టలేదు. తెలిసిన నలుగురిని అడిగితే నలుగురూ ఒకే మాట చెప్పారు: "డ్రైవర్ సమస్య అయి ఉంటుంది." డ్రైవర్ అంటే కార్డును సిస్టమ్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్. అడగకముందే నేనూ అదే అనుకున్నాను కాబట్టి వాళ్లను తప్పు పట్టే హక్కు నాకు లేదు.

ఆ మాట పట్టుకుని నేను చేసిన పనులు తలచుకుంటే ఇప్పటికీ కొంచెం సిగ్గుగానే ఉంటుంది. ఆ ల్యాప్‌టాప్‌కు ఈథర్‌నెట్ పోర్టు లేదు కాబట్టి ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి, టెథరింగ్ ఆన్ చేసి ఇంటర్నెట్ తెచ్చుకున్నాను; ఆ పూట చేసిన తెలివైన పని అదొక్కటే. తర్వాత కార్డు ఏ కంపెనీదో ఉజ్జాయింపుగా ఊహించి, ఆ కంపెనీ చిప్ కోసం ఎవరో రాసి పెట్టిన డ్రైవర్ సోర్స్ కోడ్ దించుకుని కంపైల్ చేశాను. లోడ్ చేయబోతే అవసరమైన కీ అందుబాటులో లేదని, సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ తిరస్కరించింది. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నప్పుడు సంతకం లేని మాడ్యూల్‌ను, అంటే కెర్నల్‌లో చేరే డ్రైవర్ ముక్కను, అది లోపలికి రానివ్వదు. నేను బయోస్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్‌నే ఆపేశాను. ఈసారి మాడ్యూల్ చడీచప్పుడు లేకుండా లోడ్ అయింది, ఎక్కడా ఒక్క ఎర్రర్ కూడా లేదు, వైఫై మాత్రం రాలేదు. ఇంకో రెండు గంటలు పోయాక తెలిసిందేమిటంటే, నేను కంపైల్ చేసిన కోడ్ పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్న మరో చిప్‌కు రాసినది.

ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే ఎంతోమంది పొరబడే చోటు ఇదే. మాడ్యూల్ లోడ్ అయినంత మాత్రాన కార్డును అందుకున్నట్టు కాదు. ప్రతి డ్రైవర్ తనకు తెలిసిన పరికరాల గుర్తింపు సంఖ్యల జాబితా ఒకటి వెంట తెచ్చుకుంటుంది. లోడ్ అయ్యాక ఆ జాబితాలో ఉన్న సంఖ్య ఏదైనా బస్ మీద, అంటే పరికరాలు యంత్రానికి కలిసే తీగల మీద, కనిపిస్తుందేమోనని చూస్తుంది, కనిపించకపోతే ఏ ఫిర్యాదూ చేయకుండా ఊరికే కూర్చుంటుంది. పెళ్లివారి బస్సు కోసం వేరే ఊరి స్టాండులో నిలబడ్డ మనిషిలాగా, నిలబడడంలో అతని తప్పేమీ లేదు, కాని ఆ బస్సు అక్కడికి రాదు. ఎర్రర్ లేకపోవడాన్ని నేను విజయంగా లెక్కగట్టాను.

చివరికి చేసిన పని మొదటే చేయవలసినది. ఎల్ఎస్‌పీసీఐ అనే కమాండుకు ఎన్ఎన్‌కే అన్న అక్షరాలు తగిలించి నడిపితే పీసీఐ బస్ మీద ఉన్న ప్రతి పరికరం ఒక్కో వరుసగా వస్తుంది. ప్రతి వరుసలోనూ చదరపు బ్రాకెట్లలో, మధ్యన కోలన్ గుర్తుతో, నాలుగేసి అంకెల సంఖ్యలు రెండు ఉంటాయి (ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలూ ఇక్కడ అంకెల కిందే లెక్క). మొదటిది తయారీదారు సంఖ్య, రెండోది ఆ చిప్ సంఖ్య. ఇంటెల్‌కు 8086, మీడియాటెక్‌కు 14సీ3, రియల్‌టెక్‌కు 10ఈసీ, అథెరోస్‌కు 168సీ, బ్రాడ్‌కామ్‌కు 14ఈ4. ఇంటెల్ వారు 1978లో తెచ్చిన తమ 8086 ప్రాసెసర్ పేరునే తమ సంఖ్యగా ఎంచుకున్నారు. ఇంత పొడి జాబితాలో ఈ చిన్న గర్వం ఒక్కటే నన్ను నవ్విస్తుంది. డ్రైవర్ చేపట్టిన ప్రతి పరికరం కింద, వాడుకలో ఉన్న కెర్నల్ డ్రైవర్ ఫలానా అని ఇంకో వరుస వస్తుంది. నా తెర మీద గ్రాఫిక్స్ కింద ఆ వరుస ఉంది, ఆడియో కింద ఉంది, ఎస్ఎస్‌డీ కింద ఉంది. నెట్‌వర్క్ కంట్రోలర్ కింద లేదు. అంటే కార్డు బస్ మీద క్షేమంగా ఉంది, తన పేరు కూడా చెబుతోంది, దాన్ని గుర్తుపట్టేవాడే ఆ కెర్నల్‌లో లేడు. కెర్నల్ వెర్షన్ 5.15. ఆ చిప్ డ్రైవర్ అసలు కెర్నల్‌లోకి చేరింది అంతకు ఏడాది దాటాక. నేను వేసిన చెత్తంతా తీసేసి, సెక్యూర్ బూట్‌ను మళ్లీ ఆన్ చేసి, పంపిణీదారులే సంతకం చేసి ఇచ్చే కొత్త కెర్నల్ వేసుకుంటే తర్వాతి బూట్‌లోనే వైఫై గుర్తు వచ్చి కూర్చుంది.

"అయితే చివరికి డ్రైవర్ సమస్యే కదా" అని మీరు అనవచ్చు. మాట వరుసకు నిజమే. అయితే ఆ మాట నన్ను ఏ పని చేయమని తోలిందో చూడండి. డ్రైవర్ చెడిందన్నట్టు, పోయిందన్నట్టు, ఎక్కడో ఉన్నదాన్ని తెచ్చి అతికించాలన్నట్టు అది నన్ను నడిపించింది. జరిగింది వేరు: కార్డు వయసులో చిన్నది, కెర్నల్ పెద్దది, పెద్దదానికి చిన్నదాన్ని చూసే యోగం ఇంకా కలగలేదు. ఈ వ్యాసంలో నేను వాదించదలచుకున్నది ఇదే. కొత్త ల్యాప్‌టాప్ వైఫై సమస్యల్లో "డ్రైవర్" అనే మాట కారణం చెప్పడానికి బదులు, కారణం వెతకడం మానేయడానికి పనికొస్తోంది. పాత ల్యాప్‌టాప్‌లో నిన్నటిదాకా పనిచేసినది ఈ రోజు ఆగిపోతే ఏం మారిందని అడుగుతాం. కొత్త ల్యాప్‌టాప్‌లో నిన్న అనేదే లేదు కాబట్టి అక్కడ అడగవలసినవి వేరే ప్రశ్నలు: లోపల ఉన్నది ఏది, దాన్ని ఎరిగినవారు ఎవరు, ఎప్పటి నుంచి ఎరుగుదురు.

ఆ చివరి ప్రశ్నకు జవాబులు అందరికీ తెలిసే చోటే ఉంటాయి. ఇంటెల్ ఏఎక్స్210 కార్డుకు లైనక్స్ కెర్నల్‌లో మద్దతు 5.10తో, అంటే 2020 డిసెంబరులో వచ్చింది. మీడియాటెక్ ఎంటీ7921కు 5.12తో 2021 ఏప్రిల్‌లో, రియల్‌టెక్ 8852బీఈకి 6.2తో 2023 ఫిబ్రవరిలో, మీడియాటెక్ ఎంటీ7925కు 6.7తో 2024 జనవరిలో వచ్చింది. ఉబుంటు 22.04 విడుదలైంది 2022 ఏప్రిల్‌లో, 5.15 కెర్నల్‌తో. ఈ తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే ఏ కార్డు ఏ సిస్టమ్‌లో మొదటి రోజే పలుకుతుందో, ఏది పలకదో కంప్యూటర్ ముట్టుకోకుండానే చెప్పవచ్చు. ఉబుంటు 22.04 లాంటి దీర్ఘకాలిక మద్దతు ఉన్న వెర్షన్ అంటే స్థిరమైనదని మనం సంతోషిస్తాం. కొత్త యంత్రం విషయంలో ఆ స్థిరత్వమే అడ్డుగోడ అవుతుందని మరిచిపోతాం.

విండోస్ వాడేవారు ఇది తమకు పట్టని గొడవ అనుకోకూడదు. తయారీదారు వేసి ఇచ్చిన విండోస్‌లో ఆ కార్డు డ్రైవర్ ముందే ఉంటుంది కాబట్టి సమస్య కనిపించదు. దాన్ని చెరిపేసి మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఇన్‌స్టాలర్‌తో శుభ్రంగా వేసుకుందామనుకున్న నాడు అదే కథ మొదలవుతుంది. ఇన్‌స్టాలర్ కార్డుకన్నా పాతదైతే వైఫై కనిపించదు, విండోస్ 11 సెటప్ ఇంటర్నెట్ లేనిదే ముందుకు కదలదు, డ్రైవర్ తెచ్చుకోవాలంటే ఇంటర్నెట్ కావాలి. పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు. ఫోన్ టెథరింగ్ ఇక్కడ కూడా కాపాడుతుంది, లేదా ముందుగానే డ్రైవర్ ఫైళ్లను యూఎస్‌బీ స్టిక్‌లో పెట్టుకోవాలి. మరీ మాయచేసే రూపం ఇంకొకటి ఉంది. వైఫై 6ఈ కార్డు పెట్టిన యంత్రంలో విండోస్ 10 వేస్తే వైఫై చక్కగా పనిచేస్తుంది, 6 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ మాత్రం ఎన్నడూ కనిపించదు, ఎందుకంటే విండోస్ 10కు ఆ బ్యాండ్ తెలియదు. ఎన్ని డ్రైవర్లు మార్చినా ఫలితం ఉండదు. వైఫై 7 సంగతీ అంతే, విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచే దానికి పూర్తి మద్దతు ఉంది.

కార్డుకు, తెర మీద గుర్తుకు మధ్య ఉన్న దారిని ఒకసారి నడిచి చూస్తే డ్రైవర్ అనేది ఆ దారిలో ఒక మజిలీ మాత్రమేనని తెలుస్తుంది. ముందు కార్డు బస్ మీద కనిపించాలి. దాని సంఖ్యను ఎరిగిన డ్రైవర్ దాన్ని చేపట్టాలి. ఆ డ్రైవర్ కార్డు లోపలి చిన్న ప్రాసెసర్‌లోకి ఫర్మ్‌వేర్ అనే ఫైలును ఎక్కించాలి. రేడియోను ఎవరూ ఆపి ఉంచకూడదు. ఏ దేశపు నియమాల ప్రకారం ఏ చానళ్లు వాడవచ్చో తేలాలి. ఇంతా అయ్యాకే నెట్‌వర్కుల జాబితా, పాస్‌వర్డ్, ఐపీ చిరునామా వస్తాయి. ప్రతి మజిలీలోనూ యంత్రం తన జాడ రాసి వదులుతుంది. ఆ రాత చదవకుండా మందు వేయడమంటే పుండు ఒకచోట ఉంటే కట్టు మరోచోట కట్టడమే.

వీటిలో ఫర్మ్‌వేర్ మజిలీ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అక్కడి సందేశాలు చూసి బెదిరిపోనివారు అరుదు. కెర్నల్ తన సందేశాలు రాసుకునే డీమెసేజ్ లాగ్‌లో ఇంటెల్ డ్రైవర్ ఐడబ్ల్యూఎల్‌వైఫై పేరుతో వెతికితే, ఫలానా ఫర్మ్‌వేర్ ఫైలు నేరుగా లోడ్ చేయడం విఫలమైంది, ఎర్రర్ -2 అనే వాక్యం కనిపించవచ్చు, ఒకటి కాదు, నాలుగైదు వరుసలు ఎర్రగా. -2 అంటే కార్డు పాడైందని అర్థం కాదు. ఆ పేరుగల ఫైలు డిస్కులో లేదని మాత్రమే అర్థం. ఈ డ్రైవర్ తనకు తెలిసిన అన్నిటికన్నా కొత్త ఫర్మ్‌వేర్ సంఖ్యతో మొదలుపెట్టి, అది దొరకకపోతే ఒక్కో మెట్టూ దిగుతూ పాత సంఖ్యలను అడుగుతుంది. నాలుగు మెట్ల దగ్గర దొరక్క అయిదో మెట్టు దగ్గర దొరికితే, దాని కిందే ఫలానా వెర్షన్ ఫర్మ్‌వేర్ లోడ్ అయిందని మామూలు రంగులో ఒక వరుస వస్తుంది. కళ్లు ఎర్రటి వరుసల మీదే నిలుస్తాయి కాబట్టి ఆ చివరి వరుసను ఎవరూ చూడరు. ఎర్రటి వరుసలనే కాపీ చేసి పదిమందినీ సాయం అడిగినవారిని నేను చూశాను, వారి వైఫై అప్పటికే పనిచేస్తోంది. ఆ చివరి వరుస లేకపోతే మాత్రం అది నిజమైన లోపమే. అప్పుడు కావలసినది ఫర్మ్‌వేర్ ప్యాకేజీ. డ్రైవర్‌ను తీసి వేస్తే ఒరిగేదేమీ లేదు. డ్రైవర్ కెర్నల్‌తో వస్తుంది, ఫర్మ్‌వేర్ వేరే ప్యాకేజీగా వస్తుంది. కొత్త కెర్నల్ వేసుకుని పాత ఫర్మ్‌వేర్ అలాగే ఉంచేసినవారు ఈ గోతిలో పడతారు.

రేడియోను ఆపి ఉంచడమనే మజిలీ చూడడానికి ఒక్క నిమిషం చాలు. ఆర్ఎఫ్‌కిల్ కమాండు సాఫ్ట్ బ్లాక్, హార్డ్ బ్లాక్ అని రెండు వరుసలు చూపిస్తుంది. సాఫ్ట్ అంటే సాఫ్ట్‌వేర్ ఆపినది, మనమే తీయవచ్చు. హార్డ్ అంటే యంత్రం మీద ఉన్న స్విచ్చో, ఎయిర్‌ప్లేన్ మీటో ఆపినది. తమాషా ఏమిటంటే, కొన్ని ల్యాప్‌టాప్‌లలో అలాంటి స్విచ్చే ఉండదు, అయినా ఆ మోడళ్ల ప్రత్యేక మీటలను చూసుకునే మరో చిన్న మాడ్యూల్ హార్డ్ బ్లాక్ ఉందని తప్పుడు సాక్ష్యం చెబుతుంది. అప్పుడు పక్కన పెట్టవలసినది వైఫై డ్రైవర్‌ను కాదు, ఆ సాక్షిని.

దేశపు నియమాల మజిలీ మరీ మౌనంగా ఉంటుంది. ఫోన్‌కు కనిపించే నెట్‌వర్క్ ల్యాప్‌టాప్‌కు కనిపించకపోతే, మిగతావన్నీ కనిపిస్తే, చాలాసార్లు రౌటర్ 2.4 గిగాహెర్ట్జ్‌లో 12 లేదా 13వ చానల్ మీద ఉండి, ల్యాప్‌టాప్ మాత్రం ఆ చానళ్లను అనుమతించని దేశపు కోడ్‌తో నడుస్తూ ఉంటుంది. 5 గిగాహెర్ట్జ్‌లో 52 నుంచి 144 వరకు ఉన్న చానళ్లు రాడార్లతో పంచుకునేవి కాబట్టి రౌటర్ వాటిని వాడేముందు కనీసం ఒక నిమిషం రాడార్ సంకేతాల కోసం చెవి ఒగ్గి వినాలి. రౌటర్ రీస్టార్ట్ చేసి ముప్పై సెకన్లకే "లేదు, రాలేదు" అని ల్యాప్‌టాప్ డ్రైవర్ మీద పడేవారికి ఓపికే మందు.

ఇప్పుడు నా వాదానికి ఎదురు నిలిచే గట్టి వాదం చూద్దాం. "ఇంత శోధన ఎందుకు? డ్రైవర్ తీసేసి మళ్లీ వేస్తే పది సందర్భాల్లో ఎనిమిదింట వచ్చేస్తుంది కదా?" ఈ మాట మా చెల్లెలిది. తన కొత్త ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 ఉంది. మూత మూసి కొంతసేపాగి తెరిస్తే వైఫై మాయమయ్యేది. డివైస్ మేనేజర్‌లో కార్డు పేరు పక్కన పసుపు రంగు హెచ్చరిక, లోపల కోడ్ 10, అంటే ఈ పరికరం మొదలు కాలేకపోతోందని. తను డ్రైవర్ తీసేసి, రీస్టార్ట్ చేసి, మళ్లీ వేసేది. "అన్నయ్యా, డ్రైవర్ మళ్లీ వేశాను, వచ్చేసింది" అని ఆ వారంలో మూడుసార్లు మెసేజ్ పెట్టింది. మూడోసారి నేను అడిగాను: "వచ్చేసింది సరే, మళ్లీ ఎందుకు పోతోందమ్మా?" దానికి తన దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు.

మళ్లీ వేస్తే ఎందుకు వస్తుందో ఆలోచిస్తే, ఆ వైద్యంలో అసలు పనిచేసే దినుసు వేరే అని తోస్తుంది. డ్రైవర్ తీసివేయడం, వేయడం మధ్యలో రీస్టార్ట్ ఉంది. విండోస్‌లో షట్‌డౌన్‌కన్నా రీస్టార్ట్ పెద్ద పని అని చాలామందికి తెలియదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినప్పుడు కెర్నల్ స్థితి డిస్కులో దాచిపెట్టి, మళ్లీ ఆన్ చేసినప్పుడు అదే స్థితిని తెచ్చుకుంటుంది. పరికరాలను మొదటి నుంచి లేపేది రీస్టార్టే. "ఆఫ్ చేసి ఆన్ చేశాను, రాలేదు, డ్రైవర్ మళ్లీ వేస్తే వచ్చింది" అనే మాటకు ఇంత సులువైన వివరణ ఉంది. అంతకన్నా లోతున ఇంకో సంగతి ఉంది. ల్యాప్‌టాప్ ఆపేసినా బ్యాటరీ నుంచి వైఫై కార్డు కూర్చునే ఎం.2 స్లాట్‌కు సన్నటి కరెంటు అందుతూనే ఉండవచ్చు. కార్డు ఫర్మ్‌వేర్ ఏదో తప్పుడు స్థితిలో ఇరుక్కుంటే రీస్టార్ట్ కూడా దాన్ని కదపలేకపోవచ్చు. చార్జర్ పీకి, పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టి, మిగిలిన కరెంటు కూడా పోయాక ఆన్ చేస్తేనే అది నిజంగా నిద్ర లేస్తుంది. రెండు సిస్టమ్‌లు వేసుకున్నవారికి దీని ఇంకో ముఖం తెలుసు: విండోస్ ఫాస్ట్ స్టార్టప్‌తో ఆగిపోయినప్పుడు కార్డును సగం నిద్రలో వదిలేస్తే, తర్వాత తెరిచిన లైనక్స్‌కు అది లొంగదు.

చెల్లెలి యంత్రం మీద నేను చేసినవి రెండే పరీక్షలు. మొదటిది బ్లూటూత్. చాలా ఎం.2 కార్డుల్లో వైఫై, బ్లూటూత్ ఒకే ముక్క మీద ఉన్నా, వైఫై పీసీఐ ఎక్స్‌ప్రెస్ తీగల మీద, బ్లూటూత్ యూఎస్‌బీ తీగల మీద యంత్రానికి కలుస్తాయి. బ్లూటూత్ ఉండి వైఫై లేకపోతే కార్డు స్లాట్‌లో ఉందని, కరెంటు అందుతోందని తెలుస్తుంది. రెండూ ఒకేసారి పోతే అనుమానం కార్డు మీదికీ, స్లాట్ మీదికీ మళ్లుతుంది. చెల్లెలి ల్యాప్‌టాప్‌లో రెండూ కలిసే పోతున్నాయి. రెండో పరీక్ష లైవ్ యూఎస్‌బీ. కొత్త లైనక్స్‌ను ఇన్‌స్టాల్ చేయకుండా స్టిక్ నుంచే బూట్ చేశాను. వైఫై వచ్చింది. మూత మూసి, పది నిమిషాలాగి తెరిచాను. ఉంది. మళ్లీ మూసి తెరిచాను. నాలుగోసారి తెరిచాక ఎల్ఎస్‌పీసీఐ నడిపితే నెట్‌వర్క్ కంట్రోలర్ అన్న వరుసే జాబితాలో లేదు. గుర్తింపు సంఖ్య లేదు, డ్రైవర్ చేపట్టలేదన్న ప్రశ్నకే తావు లేదు, ఎందుకంటే చేపట్టడానికి అక్కడ ఏమీ లేదు. ఇద్దరు వేర్వేరు మనుషులు రాసిన రెండు వేర్వేరు డ్రైవర్లు, రెండు వేర్వేరు సిస్టమ్‌లలో, ఒకే సమయంలో ఒకే విధంగా చెడిపోయాయని నమ్మడంకన్నా, ఇనుములోనే ఏదో ఉందని నమ్మడం తేలిక.

డ్రైవర్ మీద నెపం వేయడంలో ఉన్న అసలు నష్టం ఇక్కడ బయటపడుతుంది. కొత్త యంత్రానికి వాపసు గడువు అనేది ఒకటి ఉంటుంది. మొదటి కొన్ని రోజుల్లో మార్చి ఇమ్మంటే మారుస్తారు. అది దాటితే మరమ్మతుల వరుసలో నిలబడాలి. డ్రైవర్ మళ్లీ వేసిన ప్రతిసారీ ఒకటి రెండు రోజులు వైఫై పనిచేస్తుంది, మనకు సమస్య తీరిపోయినట్టే ఉంటుంది, గడువు మాత్రం కరిగిపోతూ ఉంటుంది. సహాయ కేంద్రానికి ఫోన్ చేసినా మొదట చెప్పేది అదే మందు. వారు చెప్పింది చేశాం, వచ్చింది, ఫిర్యాదు మూసేశారు. పాత యంత్రంలో తాత్కాలిక ఉపశమనానికి ఖరీదు లేదు. కొత్త యంత్రంలో ఉంది. అందుకే పది సందర్భాల్లో ఎనిమిదింట పనిచేస్తుందన్న లెక్క నిజమైనా నన్ను ఒప్పించదు. మిగిలిన రెండు ఏవో గడువు లోపల తెలియాలి. విండోస్ వాడేవారు కమాండు విండోను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, నెట్ఎస్‌హెచ్ డబ్ల్యూల్యాన్ షో డబ్ల్యూల్యాన్‌రిపోర్ట్ అని కొడితే గత మూడు రోజుల్లో వైఫై ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు పోయింది, యంత్రం ఎప్పుడు నిద్రపోయింది అన్నీ ఒక పేజీగా వస్తాయి. సహాయ కేంద్రంతో మాట్లాడేటప్పుడు ఆ పేజీ చేతిలో ఉంటే సంభాషణ తీరే మారుతుంది.

సిగ్నల్ బలహీనత గురించి కూడా ఒక మాట. రౌటర్ పక్కనే కూర్చున్నా వైఫై నత్తనడక నడిస్తే దాన్నీ డ్రైవర్ ఖాతాలోనే వేస్తాం. సిగ్నల్ బలాన్ని దాని కొలమానమైన డీబీఎంలలో చూడండి. అది ఎప్పుడూ రుణసంఖ్యే; రౌటర్ ఉన్న గదిలో -40, -50 దగ్గర ఉండాలి. ప్రతి 10 డెసిబెళ్ల తగ్గుదలకూ శక్తి పదో వంతు అవుతుంది కాబట్టి -50 నుంచి -80కి పడిపోవడమంటే వెయ్యో వంతు మిగలడం. అదే గదిలో అంత పడిపోతే యాంటెన్నా తీగ ఊడి ఉండడానికే ఎక్కువ అవకాశం. ఒకసారి ఒక యంత్రం అడుగు మూత తీసి చూశాను. గోరంత కార్డు, దాని చివర రెండు ఇత్తడి బొడ్లు, వాటి మీద కూర్చోవలసిన నల్ల తీగ, తెల్ల తీగ. నల్లది కూర్చునే ఉంది. తెల్లది బొడ్డుకు ఆనుకుని ఉందే గాని దిగలేదు, పైనుంచి చూస్తే దిగినట్టే ఉంది. వేలి గోటితో నిటారుగా నొక్కితే టిక్‌మని చిన్న చప్పుడు. ఈ కనెక్టర్లు పదే పదే తీసి పెట్టడానికి చేసినవి కావు, ముప్పైసార్ల లోపు వాడకానికి తయారైనవి, కాబట్టి సరదాకు పీకి చూడకండి. మూత తీయక ముందు ఇంకొకటి చూడాలి: పక్కన యూఎస్‌బీ 3.0 హబ్బో, హార్డ్ డిస్కో తగిలించి ఉందా అని. వాటి నుంచి వెలువడే రొద 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లోనే పడుతుందని 2012లో ఇంటెల్ వారే కొలిచి ప్రకటించారు. డిస్కు పీకగానే వైఫై లేచి కూర్చుంటే కారణం మీ చేతిలోనే ఉంది.

పాత సలహాల మీద నాకు ప్రత్యేకంగా కోపం ఉంది. పదేళ్ల కిందటి ఇంటెల్ కార్డుల కోసం రాసిన 11ఎన్ ఆపేయండి అనే ఆప్షన్‌ను ఇవాళ్టి వైఫై 6 కార్డుకు పెట్టుకుని, వేగం పాతాళానికి పడిపోయాక, దానికీ డ్రైవర్‌నే తిట్టేవారు ఇప్పటికీ ఉన్నారు. విద్యుత్ పొదుపు ఆపడం మాత్రం అర్థవంతమైన పరీక్ష. కనెక్షన్ నిమిషానికోసారి తెగిపోతుంటే, లేదా నిద్ర నుంచి లేచాక పోతుంటే, వైఫై పవర్ సేవ్ ఒకసారి, పీసీఐ ఎక్స్‌ప్రెస్ లింకు పొదుపు అయిన ఏఎస్‌పీఎం ఇంకోసారి ఆపి చూడవచ్చు. రెండూ ఒకేసారి ఆపితే ఏది పనిచేసిందో తెలియదు, బ్యాటరీ మాత్రం తరుగుతుంది.

"ఈ బాధంతా ఎందుకు, వేరే కార్డు కొని వేసేయండి" అనే సలహా ధీమాగా వినిపిస్తుంది. కొన్నిసార్లు అదే సరైనది. కొనేముందు మాత్రం కార్డు సోల్డర్ చేసి లేదని, స్లాట్ ఉందని చూసుకోవాలి. ఇంటెల్ ఏఎక్స్201, ఏఎక్స్211 కార్డులు పైకి మామూలు ఎం.2 కార్డుల్లాగే ఉంటాయి, కాని వాటిలో సగం తెలివి ఇంటెల్ ప్రాసెసర్ వైపు ఉంటుంది కాబట్టి ఏఎండీ యంత్రంలో పెడితే పలకవు. పూర్తి కార్డులు ఏఎక్స్200, ఏఎక్స్210. ఒక్క అంకె తేడా. కొన్ని పాత యంత్రాల బయోస్‌లు తమ జాబితాలో లేని కార్డు కనిపిస్తే బూట్ కావడానికే నిరాకరించేవి. మీ మోడల్‌కు అలాంటి జాబితా లేదని నిర్ధారించుకోవడం మంచిది.

ఇదంతా రాస్తున్నప్పుడు నన్ను తొలిచేది ఒక్కటే. ల్యాప్‌టాప్ పెట్టె మీద ప్రాసెసర్ పేరు చివరి అక్షరం దాకా ఉంటుంది, మెమరీ వేగం ఉంటుంది, తెర రంగుల శాతం ఉంటుంది. వైఫై కార్డు దగ్గరకు వచ్చేసరికి "వైఫై 6" అని మాత్రమే ఉంటుంది, ప్రయాణ సాధనం గురించి అడిగితే "నాలుగు చక్రాలది" అన్నట్టు. ఒకే మోడల్ పేరుతో మూడు కంపెనీల కార్డులు వస్తాయి. ఏది దొరికితే అది పెడతారు. దీనికి తయారీదారులకు కారణం ఉంది, కాదనను. ఒకే సరఫరాదారు మీద ఆధారపడితే చిప్‌లకు కొరత వచ్చినప్పుడు ఫ్యాక్టరీయే ఆగిపోతుంది. ఏది పెట్టాలన్నది వారి ఇష్టమే కావచ్చు, పెట్టినదేదో చెప్పకపోవడానికి మాత్రం నాకు ఏ కారణమూ కనిపించదు. సీరియల్ నంబర్ స్టిక్కర్ మీద తొమ్మిది అక్షరాలు పట్టే చోటు చాలు: నాలుగు అంకెలు, ఒక కోలన్, నాలుగు అంకెలు. అది ఉంటే కొనేముందే తేదీలు చూసుకునేవాళ్లం, నేను ఆ సాయంత్రం వేరే చిప్ కోడ్‌ను కంపైల్ చేస్తూ కూర్చునేవాణ్ణి కాను, అదే మోడల్ ఉన్న మరొకరి అనుభవాన్ని చూసి నాకూ అంతేననుకుని మోసపోయేవారూ తగ్గుతారు.

చెల్లెలి ల్యాప్‌టాప్‌ను లైవ్ యూఎస్‌బీలో తీసిన ఫొటోతో, విండోస్ ఇచ్చిన రిపోర్టుతో కలిపి గడువుకు రెండు రోజుల ముందు వాపసు ఇచ్చాం. బదులుగా అదే మోడల్, అదే రంగు, పెట్టె మీద అవే అక్షరాలు ఉన్న ఇంకొకటి వచ్చింది. తను పాస్‌వర్డ్ పెట్టుకోక ముందే డివైస్ మేనేజర్ తెరిచి హార్డ్‌వేర్ ఐడీ చదివి నాకు పంపింది. తయారీదారు సంఖ్య వేరు. ఈసారి లోపల ఉన్నది ఇంకో కంపెనీ కార్డు.